పోతూ పోతూ ఇల్లు తుడిచిన ప్యాకేజీ

2004వ సంవత్సరం, వానాకాలం. అప్పుడు నేను గాజువాక మెయిన్ రోడ్డు మీద ఒక రెండు గదుల కంప్యూటర్ ఆఫీసులో పనిచేసేదాన్ని. కింద చీరల కొట్టు, పైన మేము. అసెంబుల్డ్ కంప్యూటర్లు అమ్మడం, పాడైతే బాగుచేయడం మా వ్యాపారం. లైసెన్సు కొనే స్తోమత లేనివాళ్ళకీ, దొంగ కాపీ వేయించుకోవడం ఇష్టం లేనివాళ్ళకీ లినక్స్ వేసి ఇచ్చేవాళ్ళం. ఆ లినక్స్ వ్యవహారమంతా నా నెత్తినే ఉండేది. హార్డ్‌వేరు, స్క్రూడ్రైవర్లు, కస్టమర్లతో వాదనలు మా అప్పలరాజు చూసుకునేవాడు.

లినక్స్ అనేది ఒకరు తయారుచేసిన వస్తువు కాదు. ఎక్కడెక్కడివాళ్ళో రాసిన వేలకొద్దీ ప్రోగ్రాములను ఒకచోట చేర్చి, అవి ఒకదానితో ఒకటి కొట్టుకోకుండా సర్ది ఇచ్చేదాన్ని డిస్ట్రిబ్యూషన్ అంటారు. ప్రోగ్రాము రాసిన మహానుభావుడు సోర్స్ కోడ్ ఊరికే ఇస్తాడు. కాని అది మామూలు మనిషికి ఏం పనికొస్తుంది? వడ్ల బస్తా ఇచ్చి భోంచేయమన్నట్టే ఉంటుంది. దాన్ని కంపైల్ చేసి, అంటే యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చి, ఏ ఫైలు ఎక్కడ కూర్చోవాలో, ఎక్కించేటప్పుడు ఏం చేయాలో, తీసేసేటప్పుడు ఏం చేయాలో అన్నీ రాసి మూట కట్టాలి. ఆ మూట పేరు ప్యాకేజీ. ఆ రాత పేరు స్పెక్ ఫైలు. మూట కట్టే మనిషి ప్యాకేజర్.

నేను అలా ఒక డిస్ట్రిబ్యూషన్‌కి ఓ పాతిక ప్యాకేజీలు కట్టిపెట్టేదాన్ని. జీతమేమీ లేదు. మా కస్టమర్లకీ అవే వాడతాం కాబట్టి మా ప్రొప్రైటర్ గారు ఆఫీసు టైములో చేసుకోనిచ్చేవారు. జీతం లేకపోయినా పేరుండేది. ప్రతి ప్యాకేజీతోనూ చేంజ్‌లాగ్ అని ఒక చిట్టా వెళ్తుంది. ఫలానా తేదీన ఫలానావాళ్ళు ఫలానాది మార్చారు అని అందులో ఉంటుంది. ప్రపంచంలో ఎవరైనా చదవొచ్చు. అబద్ధమెందుకు, అందులో నా పేరు చూసుకుని తెగ మురిసిపోయేదాన్ని.

ఆ పాతికలో ఒకటి గడియారాల ప్రోగ్రాము. దాన్ని మస్తాన్ గారి కోసం కట్టాను.

మస్తాన్ గారు పాత ఊళ్ళో, పాత పోస్టాఫీసుకి నాలుగు సందుల అవతల, ఇంటి ముందుగదిలోనే గడియారాలు బాగుచేసేవారు. చేతి గడియారాలు కడుపుకోసం. ఆయన అసలు విద్య ఓడల గడియారాలు. క్రోనోమీటర్లు. చెక్కపెట్టెలో ఇత్తడి చట్రాల మధ్య ఊగుతూ, ఓడ ఎటు ఒరిగినా బల్లపరుపుగా ఉండే పెద్ద గడియారాలు. నడిసముద్రంలో ఓడ ఎక్కడుందో లెక్కగట్టేది వాటి టైముని బట్టే. శాటిలైట్ పరికరాలు వచ్చేసినా, పాత అలవాటున్న కొందరు కెప్టెన్లు వాటిని వదిలేవారు కాదు. ఓడ హార్బరులో ఉన్న నాలుగు రోజులూ పెట్టె మస్తాన్ గారింటికి వచ్చేది. హార్బరు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము లోపలికి రాకుండా ఆ ఇంటి గుమ్మానికి ఎప్పుడూ ఒక తడిగుడ్డ వేలాడుతూ ఉండేది.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేనో తెలివైన ప్రశ్న అడిగాను. ఒక పెట్టె మీద "రోజుకు మూడు సెకన్లు స్లో" అని చీటీ ఉంది. "ఇది ఇంకా బాగవలేదాండీ?" అన్నాను.

ఆయన కంటికున్న భూతద్దం తీసి నవ్వారు. "తప్పులేని గడియారం అల్లా దగ్గరే ఉంటాది బేటీ. మూడు సెకన్లు స్లో అయితే ఫరవానేదు. రోజూ అవే మూడు ఉండాల, అది కాయితం మీద రాసుండాల. రాసుంటే కెప్టెన్ కూడుకుంటాడు. రాయకపోతే ఓడ రాయెక్కుతాది. అంతే యవ్వారం."

ఆ మూడు సెకన్లనే రేటు అంటారు. రోజూ పొద్దున్న రేడియోలో టైము చెప్పే 'పీప్ పీప్' చప్పుళ్ళు వచ్చేటప్పుడు ప్రతి గడియారాన్నీ పోల్చి, తేడా రాసిపెడతారు. ఏళ్ళ తరబడి రాస్తే ఆ గడియారం గుణం తెలుస్తుంది. ఎండాకాలంలో ఎలా ఉంటుందో, నూనె చిక్కబడితే ఎలా ఉంటుందో. ఆ రేటు కాగితం లేకుండా పెట్టె ఇస్తే ఏ కెప్టెనూ పుచ్చుకోడు. ఆయన అన్నం అంతా ఆ కాగితంలో ఉంది.

ఒక తుఫానుకి ఇంటి కప్పు కారి, ఆ లెడ్జర్లన్నీ తడిసిపోయాయి. ఆయన భార్య రజియా గారు ఒక్కో పేజీని ఫ్యాను కింద ఆరబెట్టి, అంటుకున్నవాటిని చాకుతో విడదీసి దాచారు. అప్పలరాజు వాళ్ళకి ఒక పాత కంప్యూటర్ అమ్మాడు. నేను ఎక్కడో విదేశంలో ఒక ముసలాయన సరదాకి రాసిన ప్రోగ్రాము వెతికి పట్టుకున్నాను. మైకు పెడితే గడియారం టిక్కుటిక్కుమనడం వింటుంది. రేట్లు తేదీలవారీగా దాచిపెడుతుంది. సోర్స్ మాత్రమే ఉంది, ప్యాకేజీ లేదు. కట్టాను.

మస్తాన్ గారి చేతికి వెంట్రుకంత స్ప్రింగు లొంగుతుంది కాని మౌసు లొంగదు. నేర్చుకున్నది రజియా గారు. ఎనిమిదో తరగతి చదువు, నలభై ఎనిమిదేళ్ళ వయసు. రెండు వేళ్ళతో, మధ్యాహ్నం వంట అయ్యాక, నాలుగు నెలలు కూర్చుని ఆ ఆరబెట్టిన పేజీలన్నీ ఎక్కించారు. ఎక్కించిన పేజీ ఎక్కించినట్టు చేతిలోనే పొడైపోయేది. "ఇందులో పెడితే వానకి తడవదు పిన్నిగారూ," అని నేనే భరోసా ఇచ్చాను. నెలనెలా వచ్చి సీడీలో ఇంకో కాపీ తీసిపెడతాననీ అన్నాను. ఒక్క నెల కూడా వెళ్ళలేదు. బద్ధకం, ఇంకేముంది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. దానికి ముందు మా అమ్మ గురించి ఓ మాట.

మాది గోదావరి జిల్లా. నాన్నకి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చాం. క్వార్టరు వచ్చేలోగా ఆరేళ్ళలో అయిదు అద్దె ఇళ్ళు మారాం. ఖాళీ చేసిన ప్రతిసారీ అమ్మ సామాను బండి ఎక్కించాక మళ్ళీ లోపలికి వెళ్ళి, ఇల్లంతా ఊడ్చి, మేకులు పీకి, గోడల మీద మా గీతలు చెరిపి, అప్పుడు తాళం ఇచ్చేది. "మనం ఉన్నట్టు గుర్తు మిగలకూడదే. అది మర్యాద," అనేది. ఆ మర్యాద నాకు ఎముకల్లోకి ఎక్కింది. అందుకే గడియారాల ప్యాకేజీ స్పెక్ ఫైలులో, తీసేసేటప్పుడు చేయాల్సిన పనుల దగ్గర ఒక లైను రాశాను. ప్రోగ్రాము పోతూ పోతూ తన డేటా డైరెక్టరీని, అంటే రికార్డులు ఉండే అరను, మొత్తం తుడిచేసి పోవాలని. ఎక్కించి చూశాను, తీసేసి చూశాను. అద్దంలా ఉంది. నా పనితనానికి నేనే భుజం తట్టుకున్నాను.

ఆ ఏడాది ఆ ముసలాయన కొత్త వెర్షన్ విడుదల చేశాడు. రేటు కాగితం నేరుగా ప్రింటరు మీద తీసుకునే సదుపాయం వచ్చింది. రజియా గారు ఎప్పటినుంచో అడుగుతున్నది అదే. కొత్త ప్యాకేజీ కట్టాను, డిస్ట్రిబ్యూషన్‌కి అప్‌లోడ్ చేశాను. పాత ఊళ్ళో నెట్ లేదు కాబట్టి సీడీ రాసి, ఒక చీటీ మీద ఒకటి, రెండు, మూడు అని మూడు పనులు రాసి, మంగళవారం ఆ వైపు వెళ్తున్న అప్పలరాజుతో పంపాను.

బుధవారం పదకొండింటికి ఫోను.

"పద్మమ్మా, నాను రజియాని. గడియారాలన్నీ పోనాయమ్మా."

"దొంగలు పడ్డారా?"

"దొంగలు కాదమ్మా. కంప్యూటర్లో. తెరిస్తే ఖాళీ. ఒక్కటీ నేదు."

"పిన్నిగారూ, ఇంకేమీ ముట్టుకోకండి. కంప్యూటర్ ఆపేయండి. స్విచ్చే తీసేయండి. వస్తున్నాను," అన్నాను.

సింధియా మీదుగా వెళ్ళే బస్సెక్కాను. గంట ప్రయాణం. దారి పొడుగునా 'కరెంటు పోయి ఉంటుంది, డిస్కు ముసలిది కదా' అనుకుంటూనే ఉన్నాను. లోపల మాత్రం ఒక లైను కళ్ళ ముందు కదులుతోంది.

నేను వెళ్ళేసరికి మస్తాన్ గారు పని బల్ల ముందు ఊరికే కూర్చుని ఉన్నారు. ఆయన చేతులు ఖాళీగా ఉండడం నేను చూడడం అదే మొదటిసారి. బల్ల మీద ఒక క్రోనోమీటరు పెట్టె, నేను మొదటిసారి చూసిన ఆ మూడు సెకన్ల చీటీదే. ఓడ శనివారం పొద్దున్న వెళ్ళిపోతుందట. అది ఇదివరకు మూడుసార్లు ఆయన దగ్గరికి వచ్చింది. ఈసారి ఓడ ఏజెంటు పని తెమలక ఓడ హార్బరులో ఆగిపోవడంతో నెల్లాళ్ళుగా ఇక్కడే ఉంది. ఆ నెలరోజుల రేటు, వెనకటి రేట్లు, అన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి.

"నాను సెప్తానే ఉన్నాను బేటీ," అన్నారు ఆయన, భార్య వైపు చూడకుండా. "అక్కర్లేని మీటలు నొక్కకు, నొక్కకు అని. వంటింట్లో గరిటె తిప్పినట్టు అనుకున్నాది. ముప్పయ్యేళ్ళ లెక్క ఒక్క మీటతో గంగలో కలిపీసింది."

రజియా గారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో నా చీటీ. "నువ్వు రాసిన మూడే సేసినానమ్మా. ఇదిగో, ఒక్కోటీ అయ్యాక టిక్కు పెట్టుకున్నాను. మరి మద్దిలో ఏటి తగిలీసిందో, నా సెయ్యి ఎక్కడ పడిందో..." అని చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఒకటి పక్కన టిక్కు. రెండు పక్కన టిక్కు. మూడు పక్కన టిక్కు. ఎనిమిదో తరగతి అక్షరాలతో అంత నిక్కచ్చిగా పని చేసిన మనిషి చేతిలోంచి ఆ చీటీ తీసుకున్నాను. "డిస్కు ఆఫీసుకి తీసుకెళ్ళి చూస్తానండీ," అని, ఆ చీటీ మడిచి నా బ్యాగులో వేసుకున్నాను.

ఎందుకు వేసుకున్నానో అప్పుడు నాకు నేను చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్తాను. అది ఆవిడ తప్పు కాదని చెప్పే సాక్ష్యం అదొక్కటే.

ఆఫీసుకొచ్చి ఇంకో కంప్యూటర్ మీద పాత ప్యాకేజీ ఎక్కించి, రెండు ఉత్తుత్తి గడియారాలు రాసి, దాని మీద కొత్త ప్యాకేజీ ఎక్కించాను. రెండు నిమిషాలు పట్టలేదు. గడియారాలు మాయం.

సంగతేమిటంటే, కొత్త వెర్షన్ ఎక్కించడాన్ని అప్‌గ్రేడ్ అంటారు. అందులో పాతది ముందు పోయి కొత్తది తరవాత రాదు. కొత్తవాళ్ళు ముందు ఇంట్లో దిగుతారు, పాతవాళ్ళు ఆ తరవాత ఖాళీ చేస్తారు. పాతవాళ్ళు పోతూ పోతూ మర్యాదగా ఇల్లు తుడుస్తారు. అప్పటికే ఇంట్లో దిగినవాళ్ళ సామాను కూడా చెత్తలోకి పోతుంది. 'తుడిచే ముందు ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా' అని అడిగే లైను ఒకటి రాయాలి. ప్యాకేజర్లు అందరూ నేర్చుకునే మొదటి పాఠాల్లో అదొకటి. నేను రాయలేదు. మొదటి వెర్షన్‌కి ముందు ఇంకో వెర్షన్ లేదు కాబట్టి నేను చేసిన పరీక్షల్లో అది బయటపడలేదు. తప్పు ఏడాదిగా వాళ్ళింట్లోనే, నోరు మూసుకుని కూర్చుని ఉంది.

గురువారమంతా నేనూ అప్పలరాజూ ఆ డిస్కు మీద కూర్చున్నాం. ఫైలు చెరిపేయడమంటే నిజానికి పుస్తకం మొదట్లో ఉన్న విషయసూచికలో పేరు కొట్టేయడమే. ఇంకేదైనా వచ్చి వాటి మీద రాసేదాకా లోపలి పేజీలు అలాగే ఉంటాయి. వెంటనే స్విచ్చు తీసేయించడం మంచిదైంది. డిస్కు మొదటి నుంచి చివరిదాకా జల్లెడ పట్టి, తేదీతో మొదలయ్యే లైన్లన్నీ ఏరాం. సాయంత్రానికి దాదాపు అన్నీ దొరికాయి, వరస తప్పి. తేదీల ప్రకారం పేర్చాం. శనివారం వెళ్ళే ఓడ గడియారానివి మాత్రం తొమ్మిది రోజుల లైన్లు దొరకలేదు. వాటి మీద కొత్త ప్యాకేజీ ఫైళ్ళు కూర్చున్నాయి. నా ఫైళ్ళే.

"దొరికినాయి కదా మేడమ్, ఇంకేటి?" అన్నాడు అప్పలరాజు టీ తాగుతూ. "ఓల్టేజీ అని సెప్పీండి. పాత ఊళ్ళో ఓల్టేజీ ఎలగుంటాదో అందరికీ తెల్సు. ఎవులు కాదంటారు?"

మా వృత్తిలో ఓల్టేజీ, వైరస్ అని ఇద్దరు పాలేర్లుంటారు. ఎవరి తప్పైనా వాళ్ళ నెత్తినే వేసేస్తాం, వాళ్ళు నోరెత్తరు.

నేను ఔననలేదు, కాదనలేదు. సరిచేసిన ప్యాకేజీ కట్టాను. అది దిగేముందు సామాను తీసుకెళ్ళి పక్కింట్లో దాచిపెడుతుంది, పాతవాడు తుడుచుకుని పోయాక తెచ్చి సర్దుతుంది. అది అప్‌లోడ్ చేస్తూ చేంజ్‌లాగ్ దగ్గర ఆగాను. అప్పట్లో రుషికొండ దగ్గర కొత్తగా వచ్చిన ఒక కంపెనీకి అప్లికేషన్ పెట్టి ఉన్నాను. మీరు కట్టిన ప్యాకేజీల జాబితా పంపండి అన్నారు వాళ్ళు. చిట్టాలో నా పేరు పక్కన 'యూజర్ డేటా తుడిచేశాను' అని ఉంటే ఎలా? రెండే మాటలు రాశాను: చిన్న సవరణలు.

శుక్రవారం పొద్దున్న డిస్కు పట్టుకుని వెళ్ళాను. బిగించి, తెరిచి చూపిస్తే మస్తాన్ గారు ఒక్కో గడియారం పేరూ పైకి చదువుతూ, "ఉన్నాది... ఇదీ ఉన్నాది... మాషా అల్లా," అని చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు. తొమ్మిది రోజులు లేవని చెప్పాను. ఆయన, "సూద్దాం. కెప్టెన్ని అడుగుదాం," అన్నారు.

తరవాత ఆయన చేసిన పని నేను ఊహించలేదు. రజియా గారు రోజూ కూర్చునే స్టూలు లాగి పక్కన పెట్టారు. కీబోర్డు మీద ఒక తువ్వాలు కప్పారు. "బేటీ, మీ దగ్గర జీతానికి టైపు సేసే మనిషెవరైనా ఉంటే సెప్పు. వారానికోసారి వచ్చి ఎక్కించీసి పోతే సాలు," అన్నారు. కోపంగా కాదు, మామూలుగానే అన్నారు. రజియా గారు తువ్వాలు కొస జారితే వంగి సరిచేసి, "టీ ఎట్టనా?" అని నన్నడిగి లోపలికి తిరిగారు.

ఆ తువ్వాలు చూసేసరికి నా వల్ల కాలేదు. డేటా వెనక్కి తెచ్చాను సరే, ఆవిడ నాలుగు నెలలు కూర్చుని సంపాదించుకున్న ఆ స్టూలు ఎవరు తెచ్చిస్తారు?

"పిన్నిగారూ, ఆగండి," అన్నాను. బ్యాగులోంచి చీటీ తీసి బల్ల మీద పెట్టాను. "ఇందులో మీ తప్పేమీ లేదు. నేను చెప్పిన మూడూ చెప్పినట్టే చేశారు. అలా చేసినందుకే పోయాయి. తప్పు నేను కట్టిన ప్యాకేజీలో ఉంది. పాతది ఖాళీ చేసి పోతూ, ఇంట్లో ఎవరున్నారో చూడకుండా అంతా ఊడ్చేసింది. బుధవారం సాయంత్రమే నాకు తెలుసు."

మస్తాన్ గారు కోప్పడతారనుకున్నాను. కోపం వచ్చింది రజియా గారికి.

"తెల్సా? బుదారమే తెల్సా?" అన్నారు. "మరెందుకు సెప్పనేదు? మూడు రోజులై అన్నం సయించనేదు నాకు. నా సెయ్యే పాపిష్టి సెయ్యి అనుకున్నాను. ఈయన ముప్పయ్యేళ్ళ కష్టం నానే మింగీసినాననుకున్నాను. నువ్వేమో నా సీటీ అట్టుకుపోయి సంచిలో ఎట్టుకున్నావా అమ్మా?"

నేను తల వంచుకున్నాను. కళ్ళనీళ్ళు వచ్చాయి, తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

మస్తాన్ గారు ముందు భార్యతో అన్నారు, నాతో కాదు. "నానూ తప్పు మాటన్నాను రజియా. సూడకుండా అనీసినాను." అప్పుడు నా వైపు తిరిగి, బల్ల మీది క్రోనోమీటరు చూపించారు. "ఇది రోజుకెంత తప్పు బేటీ?"

"మూడు సెకన్లు స్లో."

"కెప్టెన్ పుచ్చుకుంటాడా?"

"పుచ్చుకుంటారు."

"మరి నీ తప్పు ఎక్కడైనా రాసినావా?"

చేంజ్‌లాగ్ గురించి చెప్పాను. చిన్న సవరణలు అని రాశానని కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. "అంటే రేటు దాసినావన్నమాట," అన్నారు. నన్ను జీవితంలో చాలామంది తిట్టారు. అంత గట్టిగా తగిలిన తిట్టు ఇంకోటి లేదు.

"ఈ మూట ఇంకెవులైనా ఎట్టుకున్నారా?" అడిగారు రజియా గారు. గొంతు ఇంకా కరుగ్గానే ఉంది.

"పెట్టుకునే ఉంటారు. ఎంతమందో తెలీదు."

"అయితే ఆళ్ళింట్లో కూడా ఎవులో ఒకలు నాలాగే ఏడుస్తుంటారు. రాయి. ఎక్కించినోళ్ళ తప్పు కాదు అని రాయి. ముందు ఆ ముక్క రాయి."

ఆవిడ టీ పెట్టలేదు. నేను అడగనూ లేదు. గాజువాక వెళ్ళి, చేంజ్‌లాగ్‌లో కొత్త పేరా రాశాను. పాత ప్యాకేజీ అప్‌గ్రేడ్ చేసేటప్పుడు రికార్డులన్నీ తుడిచేస్తుందని, ఎందువల్లో, పోయినవి ఎలా వెతుక్కోవాలో, వెంటనే కంప్యూటర్ ఆపేయాలని రాశాను. మొదటి వాక్యం మాత్రం రజియా గారిదే: ఇది ఎక్కించినవారి తప్పు కాదు, ప్యాకేజర్ తప్పు. కింద నా పూర్తి పేరు. అదే మాట మెయిలింగ్ లిస్టుకీ పంపాను, అంటే ప్యాకేజర్లూ వాడేవాళ్ళూ అందరూ చదివే ఉత్తరాల గుంపుకి. పంపే బటన్ మీద వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో అప్పలరాజుని అడగాలి. "నొక్కీండి మేడమ్, టీ సల్లారిపోతంది," అన్నది అతనే.

శనివారం సంగతి తరవాత తెలిసింది. రజియా గారు రేటు కాగితం ప్రింటు తీసి, ఖాళీగా ఉన్న తొమ్మిది రోజుల దగ్గర పెన్నుతో, ఈ రోజుల లెక్క కంప్యూటర్‌లో పోయింది అని రాసి, పక్కన సంతకం పెట్టారట. కెప్టెన్ అది చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పెట్టె తీసుకెళ్ళాడట.

వారంలోగా నాకు మూడు మెయిల్స్ వచ్చాయి. రెండింట్లో నాలుగు చీవాట్లు, న్యాయమైనవే. మూడోది ఏదో ఊళ్ళో వాతావరణ పరికరాల్లో ఉండే గడియారాలు చూసుకునే ఒకాయన నుంచి. ఆయనకీ రికార్డులు పోయాయి. నేను చెప్పిన పద్ధతిలో సగం దొరికాయి. చివర ఒక లైను రాశాడు. "మా అసిస్టెంటు తప్పనుకుని పదిరోజులుగా అతనితో మాట్లాడడం మానేశాను. ఈరోజు వాళ్ళింటికి వెళ్ళి వచ్చాను."

ఆ మెయిల్ ప్రింటు తీసుకుని పాత ఊరికి వెళ్ళాను. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించాను. రజియా గారు స్టూలు మీద కూర్చుని రేట్లు ఎక్కిస్తున్నారు. తువ్వాలు కిటికీకి ఆరేసి ఉంది. విని, కీబోర్డు మీంచి చేతులు తీసి, "కూకో. టీ ఎడతాను," అన్నారు.

రుషికొండ కంపెనీ నుంచి నాకు పిలుపు రాలేదు. ఆ చేంజ్‌లాగ్ చూసి పిలవలేదో, అసలు చూడనే లేదో నాకు తెలీదు. తరవాత ఇంకోచోట ఉద్యోగం వచ్చింది. ప్యాకేజీలు మాత్రం ఇంకో ఏడేళ్ళు కట్టాను. ఏ ప్యాకేజీ అయినా ఒట్టిగా ఎక్కించి, తీసి చూసి ఊరుకోలేదు. పాతది నిండా సామానుతో ఉండగా దాని మీద కొత్తది దింపి చూసేదాన్ని. సీడీ కాపీ కోసం నెలనెలా పాత ఊరికి వెళ్ళాను, వానొచ్చినా. ఇల్లు తుడవడం తప్పని మా అమ్మతో నేనెప్పుడూ అనలేదు. ఊడ్చే ముందు ఆవిడ ప్రతి గదిలోకీ తొంగిచూసేదని మాత్రం ఆలస్యంగా గుర్తొచ్చింది.

కొత్త వెర్షన్ సీడీ తీసుకెళ్ళిన ప్రతిసారీ రజియా గారు దాన్ని వెంటనే కంప్యూటర్‌లో పెట్టేవారు కాదు. చేత్తో పట్టుకుని, కళ్ళద్దాల పైనుంచి నన్ను చూసి ఒకే ప్రశ్న అడిగేవారు.

"అమ్మా, ఈసారి పాతోడు ఎల్లేటప్పుడు ఇంట్లో ఎవులున్నారో సూస్తాడేటి?"

"చూస్తాడు పిన్నిగారూ. నేను చూశాను."

"అయితే రాసియ్యి," అనేవారు. రాసి, సంతకం పెట్టి ఇచ్చేదాన్ని.